ఊపిరి తీసిన శవం

పోయిన చలికాలం మొదట్లో మా అరకు బస్టాండు పక్క గోడ మీద, బొంగు చికెన్ బోర్డుకీ కాఫీ పొడి బోర్డుకీ మధ్య ఒక సినిమా పోస్టరు వెలిసింది. కూరలకని వెళ్ళినదాన్ని సంచీ కింద పెట్టి మరీ చూశాను. నుదుటికి ఎర్ర గుడ్డ కట్టుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, హీరోగారు నా వైపే కత్తి చూపిస్తున్నారు. ఆయన వెనకాల ఒంటికి ఆకులు చుట్టుకున్న జనం చేతులెత్తి అరుస్తున్నారు. ఆయన పుట్టినరోజు కానుకట, సరికొత్త హంగులట, విశాఖపట్నంలో పెద్ద తెర మీద మళ్ళీ వేస్తున్నారట. నా పక్కన నిలబడ్డ టూరిస్టు కుర్రాడొకడు పోస్టరుని ఫోటో తీసుకుంటూ "ఈ దరిద్రం మళ్ళీ రిలీజా!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం తెలుసోయ్! మీ నాన్న ఈలేసి చూసుంటాడు, వెళ్ళి అడుగు" అన్నాను. ఏళ్ళ తరబడి ఆశ్రమ పాఠశాలలో పిల్లల్ని అదిలించిన గొంతు నాది, రిటైరైనా తగ్గలేదు. వాడు బిత్తరపోయి పక్కకి జరిగాడు.

నిజం చెప్పొద్దూ, ఆ కుర్రాడి మాటలో అబద్ధం లేదు. అది దరిద్రపు సినిమాయే. హీరోయిన్ మా లైనులో రైలెక్కి సొరంగంలోకి జడతో వెళ్తుంది, అవతలకి జుట్టు విరబోసుకుని వస్తుంది. హీరో మా జలపాతంలో దూకి సముద్రంలో తేలతాడు. మా కొండకీ సముద్రానికీ మధ్య ఎంత ఘాట్ రోడ్డుందో బస్సులో వాంతులు చేసుకున్న ఎవర్నడిగినా చెబుతారు. కాఫీ తోటలో నిలబడి "ఈ తేయాకు తోట నా తల్లి" అంటాడు. ఎర్ర చొక్కాతో కొండెక్కి పచ్చ చొక్కాతో దిగుతాడు. ఇక కొండజాతివాళ్ళని చూపించారు, చూడాలీ! తలకి ఈకలు, నడుముకి ఆకులు, నోట్లో భాష కాని భాష. మా పక్కింటి తాత పుట్టిందీ పెరిగిందీ ఈ కొండల్లోనే. రాగులు పండించుకుంటూ, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని సంతకెళ్ళే మనిషి. సినిమా చూసొచ్చి నన్ను పిలిచి, "ఆలు ఏ దేశపోలే అమ్మీ? పాపం, గుడ్డల్లేవేటి ఆలకి?" అని జాలిపడ్డాడు. అయినా సరే, ఆ సినిమాని ఇంకొకళ్ళు తిడితే నేను ఊరుకోను. తిట్టే హక్కు నాదీ, మా పిన్నిదీ. ఎందుకంటే అందులో మా చిన్నాన్న ఉన్నాడు. శవంగా ఉన్నాడు.

మా చిన్నాన్న అంటే మా నాన్నకి తమ్ముడు. మావాళ్ళది పార్వతీపురం వైపు. మా తాత రోజుల్లోనే పొలం పుట్ర తగ్గి కొండెక్కేశారు. చిన్నాన్న కాఫీ తోటలో మేస్త్రీ. పేరుకి మేస్త్రీయే గానీ మనసంతా సినిమాల మీదే. ఆదివారం వస్తే చాలు, కొండ దిగి ఎస్.కోట వెళ్ళి ఆట చూసి, తిరిగొచ్చి తోటలో కూలీలందరికీ కథ చెప్పేవాడు. చెప్పడమంటే మామూలుగా కాదు, విలన్ నవ్వు నవ్వేవాడు, హీరోయిన్ ఏడుపు ఏడ్చేవాడు, జీపు మలుపు తిరిగిన చప్పుడు కూడా నోటితోనే. తర్వాత మేం వెళ్ళి అదే సినిమా చూస్తే చప్పగా ఉండేది. "కథలో తప్పులుంటాయి నాన్నా, మనమే దారిలో సరిచేసుకుంటూ పోవాల" అనేవాడు నాతో. ఎవరు ఏ సినిమాని బాగోలేదన్నా ఆయనకి బాధే. అంతమంది కష్టపడి తీశారు, అందులో ఏదో ఒకటి బావుండకపోదని వాదించేవాడు. ఏమీ దొరక్కపోతే, "గుర్రం బావుంది కదేటి" అనేవాడు.

అలాంటి మనిషున్న ఊరికి షూటింగు వచ్చింది. నేనప్పుడు ఏడో క్లాసు. చిన్నాన్నకి పెళ్ళయి ఏడాది తిరగలేదు. సినిమావాళ్ళకి కొండజాతి నాయకుడి శవం కావాలి. విలన్ ఆయన్ని చంపుతాడు, హీరో పాడె ముందు నిలబడి పగ తీర్చుకుంటానని శపథం చేస్తాడు. పాడె ఎక్కడానికి మనిషి కోసం మేనేజరు ఊరంతా తిరిగాడు. పక్కింటి తాతని అడిగితే, "బతికున్నోడు పాడెక్కడమేటి బాబూ, బుద్ధున్నోడెవుడైనా ఎక్కుతాడా?" అని చుట్ట ముట్టించుకున్నాడు. ఆయనొద్దన్నాక కొండవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. మేనేజరు తల పట్టుకుని కూర్చుంటే మా చిన్నాన్న తోటలోంచి పరిగెత్తుకొచ్చి, "నేనెక్కుతానండీ" అన్నాడు. బుద్ధి సంగతి తాత ముందే చెప్పాడు కదా!

తెల్లవారుజామున తీశారు ఆ సీను, మంచు కావాలట. చలికాలం మా లోయలో పొద్దున్న పూట నోరు విప్పితే చాలు పొగ. కుక్క మొరిగితే పొగ, మేక అరిస్తే పొగ. ఊరంతా దుప్పట్లు కప్పుకుని చుట్టూ చేరాం. మా చిన్నాన్నని నడుం పైకి గుడ్డ లేకుండా చేసి, ఒళ్ళంతా నల్లరంగు పూసి, తల మీద ఈకలు గుచ్చి, తడిసిన వెదుళ్ళ పాడె మీద పడుకోబెట్టారు. కెమెరా తిరగడం, "కట్" అనడం. శవం ముక్కులోంచి పొగ వస్తోంది. ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాడు. కానీ హీరోగారికి ఆ డైలాగు నోరు తిరగదు. "ప్రతీకారం" అన్న ముక్క దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ "పత్రీకారం" అంటున్నారు. ఆయన తడబడి, మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ తడబడేలోపు ఎంత శవమైనా ఎంతసేపని బిగబడుతుంది? బుస్సుమని వదిలేవాడు. ఎవడో అసిస్టెంటు వచ్చి, నోట్లో ఐసు ముక్క పెట్టుకుంటే పొగ రాదని కనిపెట్టాడు. మంచులో పడుకున్న మనిషి నోట్లో ఐసు పెట్టారు, చూడండి! మధ్యలో పిన్ని గ్లాసుతో వేడి టీ పట్టుకెళ్తే, మేనేజరు "శవానికి టీ ఇవ్వకండమ్మా, పొగ ఎక్కువవుద్ది" అని కసిరి పంపేశాడు. ఆ పక్కనే హీరోగారు శాలువా కప్పుకుని కాఫీ తాగుతున్నారు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. చిన్నాన్న పళ్ళు టకటకలాడుతున్నా పాడె మీంచే మాకేసి కన్ను కొట్టాడు.

శవం మీద పడి ఏడవడానికి భార్య వేషం మా పిన్నినే వెయ్యమన్నారు. గాజులు పగలగొట్టుకోవాలన్నారు. పిన్ని "నాకేం కర్మ" అని ముఖం తిప్పుకుంది. దాంతో మద్రాసు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేత వేయించారు. ఆ పిల్ల పాపం కష్టపడి ఏడుస్తూ చిన్నాన్న గుండెల మీద దబ్బున పడింది. అంతే, శవం ముక్కులోంచి రెండు పాయలుగా పొగ వచ్చింది. అందరూ డైరెక్టరు కేసి చూశారు. ఎండ వచ్చేస్తోంది, మంచు పోతోంది, హీరోగారు మొట్టమొదటిసారి "ప్రతీకారం" అని సరిగ్గా అన్నారు. డైరెక్టరు చేతులు దులుపుకుని, "ఓకే, శవాన్నెవడు చూస్తాడయ్యా!" అన్నాడు.

అక్కణ్ణుంచి ఇంటికొస్తే అసలు బాగోతం అప్పుడు మొదలైంది. నానమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఆగరా అక్కడే! పాడె దిగొచ్చినోడు గుమ్మం ఎక్కడమేటి?" అంది. మరేం చెయ్యాలంటే ఎవరికీ తెలీదు, ఇలాంటిది ఎప్పుడూ జరిగితే కదా! కింద నుంచి వచ్చే పంతులుగారిని అడిగితే తన పుస్తకాల్లో లేదన్నాడు. పక్కింటి తాతని అడిగితే, "మాకలాంటి ఎవ్వారమే నేదమ్మా, మావోలు సచ్చినాకే ఎక్కుతారు" అన్నాడు. చివరికి నానమ్మే అప్పటికప్పుడు ఆచారాన్ని పుట్టించింది. నూతి దగ్గర నిలబెట్టి పసుపు నీళ్ళు, ఆ తర్వాత చన్నీళ్ళు, బిందెల కొద్దీ గుమ్మరించింది. వేడినీళ్ళు కాస్తానని పిన్ని పొయ్యి దగ్గరికెళ్తే, "మైల తానానికి ఏడినీల్లేటే!" అని చేయి పట్టి లాగేసింది. ఆ ఒణుకుతున్న చిన్నాన్న చేతే పసుపు తాడు మళ్ళీ కట్టించింది పిన్ని మెళ్ళో. ఆ రాత్రే జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ దగ్గు ఉండిపోయింది. ఎప్పటికీ ఉండిపోయింది.

ఆ దగ్గు సినిమా వల్ల వచ్చిందా, స్నానం వల్ల వచ్చిందా అని అత్తా కోడళ్ళు బతికినన్నాళ్ళూ కొట్టుకున్నారు. నానమ్మ సినిమానే అంది. పిన్ని స్నానమే అంది. అది మొగుడి మీద ప్రేమో అత్త మీద కసో నాకు ఇప్పటికీ తేలలేదు గానీ, మొత్తానికి మా పిన్ని ఆ సినిమా మీద ఈగ వాలనివ్వలేదు. సినిమా ఎస్.కోటకి వచ్చినప్పుడు చిన్నాన్న తోటలోవాళ్ళందర్నీ వెంటేసుకెళ్ళాడు. పిన్నిని మాత్రం నానమ్మ కదలనివ్వలేదు. "మొగుడి శవాన్ని సూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని ఎల్తావేటే, సిగ్గునేదూ?" అంది. వెళ్ళొచ్చినవాళ్ళు పొర్లి పొర్లి నవ్వారు. హాల్లో శవం పొగ వదిలేసరికి ఈలలట, హీరో శపథం ఒక్క ముక్క కూడా ఎవరికీ వినబడలేదట. శవాన్నెవడు చూస్తాడన్న ఆ డైరెక్టరు ఎక్కడున్నాడో గానీ, ఊళ్ళ ఊళ్ళు శవాన్నే చూశాయి.

ఆ రోజు నుంచి మా చిన్నాన్న పేరు పోయింది. "సచ్చినోడు" అయ్యాడు. మా వైపు అది మామూలు తిట్టే, ముద్దుకీ కోపానికీ కూడా వాడతారు. కానీ ఆయన విషయంలో అది చిరునామా అయిపోయింది. టీ కొట్టు దగ్గర, "ఏటి సచ్చినోడా, టీ తాగుతావా? పొగొస్తాది, జాగర్త!" అనేవారు. నవ్వేవాడు పాపం. దగ్గుతూ నవ్వేవాడు. ఇంకా పెద్ద అన్యాయం చెప్తాను వినండి. పాడె ఎక్కి దిగినవాడని ఆయన్ని పెళ్ళి పనులకి పిలవడం మానేశారు. అక్షింతలు వెయ్యబోతే పెద్ద ముత్తయిదువ ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది. అదే ఎవరైనా పోతే మాత్రం మొదట కబురు ఆయనకే వచ్చేది, "నీకు అలవాటే కదా" అని. వెళ్ళేవాడు, మోసేవాడు, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. "సినిమా వాళ్ళు ఒక్క పూటే సంపీసేరు, మీ ఊరోలు రోజూ సంపుతన్నారు" అని పిన్ని ఒకసారి వీధిలో నిలబడి అందర్నీ కలిపి దులిపేసింది. దానికీ నవ్వారు.

పిల్లల్లేరు వాళ్ళకి. దగ్గు ముదిరి ఊపిరి కష్టమైంది. చివర్లో ముక్కుకి గొట్టం పెట్టి ఆస్పత్రిలో పడుకోబెడితే, నేను చూడ్డానికి వెళ్ళాను. గొట్టం పక్కకి జరుపుకుని, "అప్పుడు ఆపమంటే ఆగింది కాదు, ఇప్పుడు రమ్మంతంటే రావట్నేదు. దీనికి నాతో ఏటి పగో!" అన్నాడు. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పోయిందీ చలికాలంలోనే. ఇంటి ముందు పాడె మీద పెట్టి ఎత్తబోతుండగా, ఆయనతో కలిసి ఆ సినిమాకెళ్ళినవాళ్ళలోనే ఒకడు, "ముక్కు కాడ ఒకపాలి సూడండ్రా, పొగొస్తందేమో" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు. వాడి నోట్లోంచీ పొగే, నవ్వినవాళ్ళందరి నోళ్ళలోంచీ పొగే. పిన్ని మాత్రం నవ్వలేదు. నిజంగానే వంగి ముక్కు దగ్గర చూసింది. చాలాసేపు చూసింది. మేమే పక్కకి తీసుకురావాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇంటికి టీవీ వచ్చింది. మధ్యాహ్నం పూట ఏదో ఒక చానెల్లో అప్పుడప్పుడూ ఆ సినిమా వేసేవాడు. వేస్తున్నాడని తెలిస్తే పిన్ని పొయ్యి కట్టేసి వచ్చి కూర్చునేది, నన్నూ పిలిచేది. జడ మారిన హీరోయిన్ని చూసి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. సముద్రంలో తేలిన హీరోని చూసి, "పాపం, కొండ కింద నుంచి తోవుందేమోలే" అనేది పిన్ని. ఆ గుణం చిన్నాన్న దగ్గర అబ్బింది. శపథం సీను వచ్చేసరికి మాత్రం కుర్చీ లాక్కుని టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్ళేది. చిన్న టీవీలో ఆ పొగ దారప్పోగంత ఉండేది. "అదిగో తీసినాడు... అదిగో ఒదిలినాడు..." అని వేలితో చూపించేది. మద్రాసు అమ్మాయి మీద పడగానే, "ఇప్పుడు సూడే గుంటా, ఆ గుంట మీద పడీసరికి ఇంజనుకొచ్చినట్టొస్తంది, సచ్చినోడికి!" అని తిట్టేది. ఎన్నేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు. తిట్టి, కొంగుతో కళ్ళొత్తుకుని, అన్నం పెట్టేది. పెళ్ళి ఫోటోలో చిన్నాన్న బొమ్మలా నిలబడి ఉంటాడు. ఆ టీవీలోనే కదా ఊపిరి తీసేది! "పెద్ద తెర మీద ఒక్కసారి సూడాలే అమ్మీ. నాకిద్దరంత కనబడతాడంట. ముసిల్ది ఎల్లనిచ్చింది కాదు" అని ఎన్నిసార్లు అందో.

అందుకే పోస్టరు చూడగానే కూరల సంగతి మర్చిపోయి పిన్ని దగ్గరికి పరిగెత్తాను. మోకాళ్ళు పట్టేసి గుమ్మం దాటడమే కష్టంగా ఉన్న మనిషి, "బేగి పద" అంది. ఘాట్ రోడ్డు మలుపులన్నీ కళ్ళు మూసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ దిగింది. పట్టు చీర కట్టుకుంది. సినిమాకి పట్టు చీరేంటి పిన్నీ అంటే, "ఆయన్ని సూడ్డానికెల్తన్నాం కాదేటి?" అంది.

హాలంతా కుర్రకారే. సినిమాని చూడ్డానికి కాదు, ఆడుకోవడానికి వచ్చారు. తప్పులన్నీ వాళ్ళకి కంఠతా వచ్చు. హీరోయిన్ సొరంగంలోకి వెళ్ళగానే "జడ! జడ!" అని అరిచారు. పచ్చ చొక్కాకి కాగితాలు విసిరారు. ఈకలవాళ్ళు రాగానే వీళ్ళూ ఆ భాష కాని భాషలో అరిచారు. పిన్ని ఏమీ అనుకోలేదు, కుర్రాళ్ళతో పాటు నవ్వుతూ కూర్చుంది. పాడె రావడానికి ముందే వెనక వరసలో మొదలెట్టారు, "పొగ! పొగ!" అని. చప్పట్లు కొడుతూ, కాళ్ళతో నేల దంచుతూ హాలంతా ఒకటే గోల. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సూడు, అందరూ ఆయన కోసమే ఒచ్చారు" అంది నా చెవిలో.

తెర మీద పాడె కనబడింది. చిన్నాన్న, నిజంగానే నాకు ఇద్దరంత, ఈకలతో, నల్లరంగుతో. ముఖం ఎంత స్పష్టంగా ఉందంటే చెంప మీద చిన్నప్పటి గాటు కూడా కనబడింది. హీరో శపథం మొదలెట్టాడు. ఆయన నోట్లోంచి పొగ దర్జాగా, గుప్పుగుప్పున వస్తోంది. చిన్నాన్న ముక్కు దగ్గర ఏమీ లేదు. మద్రాసు అమ్మాయి వచ్చి మీద పడింది. ఏమీ లేదు. గుండె కూడా కదల్లేదు, రాయిలా ఉంది. ఆ పొగని ఏదో కంప్యూటరుతో తుడిచేశారు. సరికొత్త హంగులంటే ఇవన్నమాట! జడ అలాగే ఉంది, సముద్రం అలాగే ఉంది, తేయాకు అలాగే ఉంది, మా కొండవాళ్ళకి కట్టిన ఆకులు అలాగే ఉన్నాయి. అన్ని తప్పుల్లోనూ వాళ్ళకి దిద్దడానికి దొరికింది మా చిన్నాన్న ఊపిరొక్కటే.

నేల దంచుతున్న కాళ్ళు ఆగిపోయాయి. తర్వాత "తీసేశార్రా!" అని ఒకడు, "డబ్బులు వాపస్!" అని ఇంకొకడు, కుర్చీల మీద గుద్దుడు, బూతులు. వాళ్ళ ఆట పాడైందని వాళ్ళ ఏడుపు. నేను పిన్ని ముఖం చూశాను. కళ్ళార్పకుండా తెర కేసే చూస్తోంది. ఆ సీను అయిపోయి, పాట వచ్చి, అందరూ లేచి గెంతుతున్నప్పుడు నా చెయ్యి వదిలేసింది.

"ఇప్పుడు సచ్చిపోనాడే మీ సిన్నాన్న" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిన్ని నిమ్మకాయ కూడా బయటికి తియ్యలేదు. నేనూరుకోలేకపోయాను. ఫోనులో పాత సినిమా కోసం వెతికాను. ఉన్నచోటల్లా పాతది తీసేసి కొత్తదే పెట్టారు, టీవీవాడికీ అదే ఇచ్చారట. వారం రోజులు వెతగ్గా ఎవడో వెక్కిరింపు కోసం చేసి పెట్టిన చిన్న ముక్క దొరికింది. పాత సినిమాదే, శపథం సీనే. చిన్నాన్న ముక్కు చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి, పొగ వచ్చినప్పుడల్లా గాడిద ఓండ్ర పెట్టినట్టు చప్పుడు కలిపాడు. చుట్టూ పళ్ళికిలించి నవ్వే పసుపుపచ్చ ముఖాలు ఎగురుతుంటాయి. కింద లక్షమంది నవ్విపోయారు. దీన్ని పిన్నికి చూపించడమా, మానడమా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. "ఆ గాడిదని తీసీలేవేటే?" అంది. సౌండు తీసేశాను.

ఇప్పుడు రోజూ అన్నాల వేళకి మా ఇంటికొస్తుంది. నా ఫోను తీసుకుని, ఎగిరే ముఖాల సందుల్లోంచి చూసుకుంటుంది. "అదిగో తీసినాడు... అదిగో ఒదిలినాడు..." మళ్ళీ మొదటికొస్తుంది, మళ్ళీ తీస్తాడు. మద్రాసు అమ్మాయిని తిట్టడం మాత్రం మానేసింది. ఆ ముక్కని కూడా ఎవడో ఒకడు ఏదో ఒక రోజు తీసేస్తాడని నాకు తెలుసు, పిన్నికి చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి తెర మీద ఊపిరి తీస్తుంటే కాలమైనా ఇన్నేళ్ళపాటు చూసీ చూడనట్టు వదిలేసింది, తప్పులు దిద్దేవాళ్ళు మాత్రం వదల్లేదు.